నాలుగో బ్యాచ్‌లో మాట్లాడిందెవరు

వేణుగోపాల్ కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి గంటలోనే మాట పడ్డాడు.

ఉద్యోగం పెద్దదేం కాదు. హిందీ మాట్లాడే ఊళ్లో, కోని రోడ్డులో ఉన్న ఒక వరి పరిశోధన కేంద్రంలో ప్రాజెక్ట్ అసిస్టెంట్, ఏడాది కాంట్రాక్టు. ఎమ్మెస్సీ చేసి ఇంట్లో ఖాళీగా కూర్చున్న కుర్రాడికి అదే గొప్ప. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, ల్యాబ్ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టాడు. కిటికీ పక్క బల్ల దగ్గర తెల్లకోటు అమ్మాయి ఒకతె, వెనక్కి తిరగకుండానే చెయ్యి పైకెత్తి ఆపింది.

"తలకు టోపీ లేకుండా లోపలికి రావొద్దు," అంది హిందీలో.

"ఏటి?" అన్నాడు వేణు. కంగారులో ఇంటి మాట బయటికొచ్చేసింది.

అమ్మాయి వెనక్కి తిరిగింది. "తెలుగువాళ్లా?"

"ఆఁ. ఇక్కడోళ్లమే. మత్లబ్, అంటే, రైల్వే కాలనీ. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చీసి ఇక్కడ రైలింజన్ల షెడ్‌లో చేరాడు. నాన్న లోకో పైలట్. నేను..."

"టోపీ పెట్టుకొని రాండి. తర్వాత మాట్లాడుదాం."

అలా దువ్వుకున్న తల కాస్తా ప్లాస్టిక్ టోపీ కిందికి పోయింది. ఆ అమ్మాయి పేరు మైత్రి. ఊరు మంచిర్యాల. తండ్రి తిరుమలరావు ఇక్కడ బొగ్గు కంపెనీలో అధికారి. ఆమె ఈ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చివరి అంకంలో ఉంది. ఆమెకు సాయం చెయ్యడమే వేణు పని.

మైత్రి చేస్తున్న పని చెప్పడం తేలిక, చెయ్యడం కష్టం. ఇక్కడి మెట్ట పొలాల్లో పండే ఒక పాత వరి రకం నీళ్లు లేకపోయినా చాలాకాలం తట్టుకుంటుంది. ఎలా తట్టుకుంటుందో దాని వేళ్లలోని ప్రోటీన్లు చెప్పాలి. అందుకని మొక్కల్ని కుండీల్లో ఎండగట్టి, వేళ్లు కోసి, లిక్విడ్ నైట్రోజన్ పోసి చిన్న రోట్లో నూరి, ఆ పొడిలోంచి ప్రోటీన్లు బయటికి తీస్తుంది. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ వాటిని ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కల్ని హైదరాబాద్ పంపిస్తే, అక్కడి మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక్కో ముక్కను తూచి, ఏది ఏ ప్రోటీన్‌దో, ఎంత ఉందో చెప్తుంది. వేల ప్రోటీన్ల హాజరు ఒక్క పూటలో తీసేసే యంత్రం అది.

చిక్కేమిటంటే, ఆ యంత్రానికి మొహమాటం లేదు. ట్యూబులో ఏది పడితే దాన్నీ లెక్కపెడుతుంది. మనిషి చర్మం పొట్టులోనూ వెంట్రుకలోనూ కెరాటిన్ ఉంటుంది. పెళ్లి భోజనాల్లో పిలవని చుట్టాలు మొదటి బంతిలో కూర్చుంటే అసలువాళ్లకు విస్తరి దొరకదు కదా, కెరాటిన్ ఎక్కువైతే వరి ప్రోటీన్ల పని అంతే. టోపీ గొడవ అందుకే.

మొదట్లో మైత్రి అతనికి చాలా చివాట్లు పెట్టింది. గ్లౌజుతో గడ్డం గోక్కున్నందుకు ఒకసారి. ఉన్ని స్వెట్టర్ వేసుకొచ్చినందుకు ఒకసారి.

"గొర్రె కెరాటిన్ వస్తది రిపోర్టులో. నేను చదివేది వరి మీద, గొర్రె మీద కాదు."

"చలేస్తంది మేడం."

"వెయ్యనీ. ఇంకోటి, మేడం అనకు. మనిద్దరం ఒక్క ఈడోళ్లమే."

వేణు మాటకారి. ఆ ఇంట్లో అందరూ మాటకారులే, రైలు చప్పుళ్ల మధ్య పెరిగిన గొంతులు వాళ్లవి. మైత్రికి ఇక్కడ హిందీ బాగానే వచ్చింది, హిందీలో నవ్వడం మాత్రం రాలేదు. ల్యాబ్‌లో ఏళ్ల తరబడి పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు పక్కన ఒక తెలుగు గొంతు. అది తన తెలుగులా లేకపోయినా సరే.

"ఏటి, ఏటి అంటవ్. ఏంది అనరాదా?" అనేది.

"ఏంది అంటే మా మామ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. అచ్ఛా, నువ్వు తెలుగులో మెసేజ్ పెట్టకు. చదవడానికి నాకు పూట పడతంది."

"నేర్చుకో. రోజుకో లైన్ పంపిస్త."

పంపించేది. అతను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, హిందీలో జవాబు పెట్టేవాడు. వర్షాకాలం వచ్చేసరికి మొత్తం చదివి నవ్వే స్థాయికి వచ్చాడు. అద్దం మీద వాన కొడుతుంటే ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని ట్యూబుల్లో చుక్కలు వేస్తూ కబుర్లు చెప్పుకునేవారు. ఏసీ పనిచేస్తే పనిచేసినట్టు, లేకపోతే లేదు. ఉక్కకు మాస్కులు గడ్డం కిందికి జారేవి. టోపీలు, గ్లౌజులు మాత్రం పక్కాగా ఉండేవి. కెరాటిన్ భయం ఉన్నవాళ్లకు నోటి భయం ఉండదు, ఆ సంగతి తర్వాత తెలిసింది.

రైల్వే పరీక్ష రాయడానికి వేణు విశాఖపట్నం వెళ్లాల్సి వచ్చింది. సెంటర్ అక్కడ పడింది. పరీక్ష రాయమన్నది అతని తండ్రి అప్పలస్వామి. కాంట్రాక్టు ఉద్యోగాన్ని ఆయన ఉద్యోగంగా గుర్తించలేదు. ఆ రోజు మైత్రి నాలుగో బ్యాచ్ తయారుచేస్తోంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ట్యూబుల స్టాండ్ పక్కనే నిలబెట్టింది. అటువైపు రైలు చప్పుడు.

"ఎక్కడిదాక పోయినవ్?"

"టిట్లాగఢ్ దాటింది. మా సీటు ముందర ఒక పెద్దాయన పనసపండు పట్టుకుని కూకున్నాడు. వాసనకి తిననూ లేను, పొమ్మననూ లేను."

"అడుగు, రెండు తొనలు పెడ్తడు."

"సిగ్గేస్తంది."

"నీకా? సిగ్గా?" అని మైత్రి కడుపుబ్బ నవ్వింది. గొంతు వినపడాలని మాస్క్ పూర్తిగా తీసేసింది. రైలు సొరంగాల్లోకి వెళ్లి లైను తెగినప్పుడల్లా మళ్లీ కలిపింది. పని చకచకా సాగిపోయిందనుకుంది.

హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చిన రోజున ప్రాజెక్టు పెద్ద మనీష్ సార్ ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. ఆయన కోప్పడే మనిషి కాదు. కోప్పడని మనిషి మొహం గంటుపెట్టుకుంటే ఇంకా భయం.

"అమైలేజ్," అన్నాడు హిందీలో. "వరిది కాదు, మనిషి ఉమ్మిలో ఉండేది. ప్రతి బ్యాచ్‌లోనూ ఉంది. తక్కువ మోతాదులో ఉండే వేరు ప్రోటీన్లన్నీ దాని వెనక మరుగున పడ్డాయి. మూతలు తెరిచిన ట్యూబుల మీద ఎవరు మాట్లాడుతున్నారు?"

మైత్రి తలతిప్పి వేణు వైపు చూసింది. కావాలని చూడలేదు, కానీ చూసింది.

"నేనే సార్," అన్నాడు వేణు. "నాకు నోరు కుదురుండదు."

ఆ రోజు నుంచి వేణుని ల్యాబ్ నుంచి తప్పించి విత్తనాల గోదాములో వేశారు. కాంట్రాక్టు పొడిగింపు సంగతి తర్వాత చూద్దామన్నారు. మైత్రికి చెప్పింది ఇంకా కటువుగా ఉంది. మైనస్ ఎనభై ఫ్రీజర్‌లో వేళ్ల పొడి ఇంకొక్కసారికి మాత్రమే సరిపోతుంది. అది బాగా వస్తే థీసిస్ పూర్తవుతుంది, హైదరాబాద్‌లో ఆమె కోసం ఎదురుచూస్తున్న ఉద్యోగంలో చేరవచ్చు. అదీ పాడైతే మొక్కల్ని మళ్లీ పెంచాలి, మళ్లీ ఎండగట్టాలి. ఇంకో ఏడాది ఇక్కడే. తండ్రి రిటైరై మంచిర్యాల వెళ్లిపోతున్నాడు గనక హాస్టల్లో ఒక్కతే.

వరండాలో వేణు ఏదో చెప్పబోయాడు.

"ఇంక నాతోని మాట్లాడకు," అంది మైత్రి. "నీ మాటలతోనే ఇంత దూరం వచ్చింది."

వేణు మాట్లాడలేదు. వరండాలోనే కాదు, టీ కొట్టు దగ్గరా మాట్లాడలేదు. రోజుకో తెలుగు లైను పంపించడం మైత్రి మానేసింది. అతను ఎందుకు పంపలేదని అడగలేదు. ఇక ప్రశాంతంగా పని చేసుకోవచ్చు కదా అని తనకు తనే చెప్పుకుంది. ప్రశాంతత వచ్చింది, అది భరించలేనంతగా వచ్చింది. వేణు లేని ల్యాబ్ ఆమెకు నచ్చలేదు. నచ్చలేదన్న మాట ఒప్పుకోవడానికి మాత్రం సమయం పట్టింది.

పనికొచ్చే ముక్క ఏదైనా మిగిలిందేమోనని ఒక మధ్యాహ్నం ఆ రిపోర్టు మళ్లీ తెరిచింది. మొదటి పేజీ తప్ప ఇంతవరకు చదవలేదు. చివరి పేజీలో బ్యాచ్‌ల వారీ అంకెలున్నాయి. నాలుగో బ్యాచ్‌లో తక్కువగా ఉంటుందని ఆశపడింది. ఆ రోజు వేణు ఊళ్లో లేడు కదా.

అమైలేజ్ అన్నింటికన్నా ఎక్కువగా ఉన్నది నాలుగో బ్యాచ్‌లో.

రైలు, పనసపండు, స్పీకర్ ఫోను, గడ్డం కిందైనా లేకుండా బల్ల మీద పడున్న మాస్కు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ గదిలో ఉన్నది తనొక్కతే. ఆ ఉమ్మి ఒక్కరిదే. మైత్రికి సిగ్గు ముంచుకొచ్చింది, ఆ వెంటనే కన్నీళ్లు. కంప్యూటర్ కట్టేసి నేరుగా మనీష్ సార్ గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

ఆయన అంకెలు చూశాడు, ఆమెను చూశాడు. "ఫోన్‌లో కూడానా," అన్నాడు. తర్వాత రిపోర్టు మూసి, "చివరి బ్యాచ్‌కి రెండో మనిషి కావాలి. వేణు వస్తానంటే రమ్మను. అడగాల్సింది నువ్వు," అన్నాడు.

రైల్వే క్వార్టర్ గుమ్మంలో వేణు మామ్మ అచ్చియమ్మ చింతపండులో గింజలు తీస్తోంది. మైత్రిని ఎగాదిగా చూసింది.

"ఎవులమ్మా?"

"మైత్రిని, నానమ్మా. వేణుతోని పని చేస్త."

"ఓలమ్మ, నువ్వేనేటి. రా, కూకో. మీ ఇద్దరికీ ఏటయ్యిందమ్మా? మా వోడు ఇంట్లో నోరిప్పటం లేదు. అన్నం వొడ్డిస్తే తింటాడు, లేకపోతే లేదు. ఒరే వేణూ, ఇలా రా. నీ కోసమే వచ్చింది గుంట."

వేణు బనీను మీద చొక్కా వేసుకుంటూ వచ్చాడు. కుర్చీ చూపించాడు. మైత్రి కూర్చోలేదు.

"నాలుగో బ్యాచ్ నాది," అంది. "మాట్లాడింది నేను. ఆ రోజు నువ్వు రైల్ల ఉన్నవ్. సార్‌కు చెప్పేసిన."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"చివరి పేజీ సార్ బల్ల మీద ఉంది కదా. నిలబడ్డచోటు నుంచి కనపడింది."

మైత్రి అతన్ని తేరిపార చూసింది. "తెలిసి కూడ నీ మీద ఏసుకున్నవా? ఎందుకట్ల?"

"నా కాంట్రాక్ట్ పోతే రైల్వే ఉంది. మా నాన్న స్వీట్లు పంచుతాడు. నీ థీసిస్ పోతే నీకేటుంది? అయినా నువ్వు మాట్లాడింది నాతోనే కదా. సగం నాదే."

"సగం నీది కాదు. మొత్తం నాదే. నేను నిన్ను అనరాని మాట అన్న. మాఫ్ కర్ యార్." క్షమించమన్న మాట తెలుగులో బయటికి రాలేదు, అందుకని హిందీలో వచ్చింది. "చివరి బ్యాచ్‌కు వస్తవా?"

"వస్తాను గానీ, ఏటి ఒప్పందం?"

"మూత తెరిస్తే ఇద్దరం నోరు తెరవొద్దు."

అచ్చియమ్మ గింజలు తీయడం ఆపింది. "అదేటి పనమ్మా, నోరు తెరవకుండా సేసేది? మా వోడు సేస్తాడేటి అది?"

చేశాడు. అందుకు పద్ధతి కూడా తనే చెప్పాడు. రైలు బయల్దేరేటప్పుడు ముందు ఇంజిన్‌లోని డ్రైవరూ, చివరి పెట్టెలోని గార్డూ కేకలేసుకోరు. జెండా ఊపుకుంటారు. పచ్చ జెండాకి పచ్చ జెండా చూపిస్తే అంతా సరిగా ఉన్నట్టు లెక్క. ల్యాబ్‌లో జెండాలు లేవు, రంగు టేపు చుట్టలున్నాయి. పచ్చ టేపు ఎత్తితే తర్వాతి పని. ఎర్రది ఎత్తితే ఆగు. ముక్కూ నోరూ బిగించి రెండేసి మాస్కులు కట్టుకున్నారు.

ఒకరు నైట్రోజన్ పోస్తే ఒకరు నూరారు. తెల్లటి పొగ బల్ల మీదుగా పారి కిందికి జారింది. మైత్రి పచ్చ చూపిస్తే వేణు పచ్చ చూపించేవాడు. ఒకసారి ఆమె తప్పు సీసా అందుకుంటే ఎర్ర టేపు మొహానికి అడ్డంగా పెట్టాడు. మైత్రి కళ్లతో నవ్వింది. మాస్కుల పైన కళ్లు తప్ప ఇంకేమీ కనపడని చోట ఆ కళ్లనే చూస్తూ గడపడం వేణుకి హాయిగానే ఉంది. ప్రాణం మీదికి వచ్చినట్టూ ఉంది. ట్రిప్సిన్ వేసి, ముక్కలు కావడానికి రాత్రంతా వెచ్చని పెట్టెలో వదిలేసి ఇంటికి వెళ్లారు.

రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. ఏసీ ఆగింది. మైత్రి జనరేటర్ సంగతి చూడటానికి వరండాలోకి వెళ్లింది. ట్యూబులన్నీ మూతలు తెరిచి స్టాండులో ఉన్నాయి. వాటి ముందు వేణు ఒక్కడే.

అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. రాకూడనిదే, అయినా వచ్చింది. ఇవి బాగుంటే మైత్రి హైదరాబాద్ వెళ్లిపోతుంది. పాడైతే ఇంకో ఏడాది ఇక్కడే ఉంటుంది. మాస్కు కిందికి లాగి నాలుగు దగ్గులు దగ్గితే చాలు. ఎవరికీ తెలియదు. యంత్రం ఉమ్మిని గుర్తుపడుతుందే గానీ, ఎవరి ఉమ్మో రిపోర్టులో రాయదు. ఆమె ఉండాలని అతనికి ఎంతగా ఉందంటే, చెయ్యి మాస్కు దాకా వెళ్లింది.

వేణు రెండు చేతులతో మాస్కు ఇంకా పైకి లాక్కున్నాడు. బల్లకు దూరంగా గోడ దాకా వెళ్లి నిలబడ్డాడు. మైత్రి తలుపు తీసేసరికి అక్కడి నుంచే పచ్చ టేపు చూపించాడు.

చివరి ట్యూబు మూత బిగించి, డబ్బాలో పెట్టి, డబ్బాకి సీలు వేశాక మైత్రి మాస్కులు తీసేసింది. బుగ్గల మీద గీతలు పడ్డాయి.

"కరెంటు పోయినప్పుడు గోడకు అతుక్కొని నిలబడ్డవ్. ఎందుకు?"

"ఊరికే."

"వేణు. ఇది పాడైతే నేను ఇక్కడ్నే ఉంట. ఆ సంగతి నీకు తెలుసు. నేను కూడ అక్కడ వరండాల నిలబడి అదే అనుకున్న. ఒక్క దగ్గు చాలు నీకు."

వేణు టోపీ తీసి చేతిలో నలిపాడు. "అనుకున్నాను," అన్నాడు. "అబద్ధమెందుకు."

"మరి ఎందుకు చెయ్యలేదు?"

"నువ్వు ఉండిపోతే నా కోసం ఉండాలి గానీ, సెడిపోయిన ట్యూబుల కోసం ఉండకూడదు."

అంత సూటిగా అనేస్తానని అతనూ అనుకోలేదు. చెవులు ఎర్రబడ్డాయి. మైత్రి డబ్బాను పక్కకు జరిపి అతని ఎదుటికి వచ్చింది.

"రిజల్ట్ రాకముందే నేనొకటి చెప్పాలె," అంది. "వచ్చినంక చెప్తే కుదరదు. మంచిగొస్తే సంతోషంల చెప్పింది అనుకుంటవ్. పాడైతే బాధల చెప్పింది అనుకుంటవ్. అందుకే ఇప్పుడే. నువ్వంటే నాకు ఇష్టం. హైదరాబాద్ పోత, పోకుండ ఉండను. కానీ నిన్ను వదిలి పోతలేను. ఉద్యోగాలు, ఊర్లు తర్వాత చూస్కుందాం. ఏమంటవ్?"

వేణు నోరు తెరిచాడు. మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అతనికి మాట రాకపోవడం అదే మొదటిసారి.

"ఏమన్నా అను," అంది మైత్రి. "మూతలన్నీ వేసే ఉన్నయ్."

"సరే," అన్నాడు వేణు. అంతకు మించి ఆ సాయంత్రం అతని దగ్గర ఏమీ దొరకలేదు.

డబ్బాని ఐస్‌లో పెట్టి, హైదరాబాద్ వైపు వెళ్లే రైల్లో ఏసీ మెకానిక్‌గా ఉన్న పక్క క్వార్టర్ దిలీప్ చేతికిచ్చి పంపారు. కాలనీలో ఊరగాయ నుంచి పెళ్లి పత్రికల వరకు అన్నీ అలాగే వెళ్తాయి. అక్కడి యంత్రం దగ్గర వంతు రావడానికి కొన్ని వారాలు పట్టింది. రిపోర్టులో వేరు ప్రోటీన్లు బారులు తీరి ఉన్నాయి. ఎండను తట్టుకునే మొక్కలో ఏవి పెరిగాయో, ఏవి తగ్గాయో స్పష్టంగా కనపడింది. మనిషి అమైలేజ్ లేదు. మనీష్ సార్ రెండుసార్లు చూసి, పేపర్ మీద వేణు పేరు కూడా వెయ్యమన్నాడు.

ఆ ఆదివారమే తిరుమలరావు కూతుర్ని వెంటబెట్టుకుని రైల్వే క్వార్టర్‌కి వచ్చాడు. అప్పలస్వామి డ్యూటీ దిగి స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. పెద్దవాళ్లిద్దరూ ముందు వానల గురించీ, తర్వాత బొగ్గు రైళ్ల గురించీ మాట్లాడుకున్నారు. అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు. వేణు గోడ చూస్తున్నాడు. మైత్రి నేల చూస్తోంది.

అచ్చియమ్మకి ఓపిక పోయింది. "ఏటర్రా, ఇద్దరూ నోరిప్పరేటి? మాట్లాడుకోపోతే పెళ్లెలాగ సేస్తాం?"

అప్పలస్వామి గొంతు సవరించుకున్నాడు. "మా వోడికి రైల్వే ఉద్యోగం ఇంకా రాలేదండి. రిజల్టు రావాలి. వస్తాదో రాదో."

తిరుమలరావు టీ కప్పు కింద పెట్టాడు.

"అది వస్తే మంచిదే, రాకుంటే ఇంకోటి వస్తది," అన్నాడు. "మా బిడ్డ నాకు అంతా చెప్పింది. ఆ పని పాడైతే ఆమె ఈడ్నే ఉంటదని తెలిసి కూడ మీ పిల్లగాడు పాడు కానియ్యలేదట. నా కడుపున పుట్టినదాన్ని దూరం పంపాల్నంటే నాకే ధైర్యం చాలలే. గంత చేసిన పిల్లగానికి నేనేం పరీక్ష పెట్టను?"

అప్పలస్వామి కొడుకు వంక కొత్తగా చూశాడు. వేణుకి కళ్లు చెమర్చాయి, దాచుకోవడానికి కూడా ప్రయత్నించలేదు. మైత్రి లేచి వెళ్లి, అందరి ముందే, అతని పక్క కుర్చీలో కూర్చుంది.